కొత్త పెట్టె వచ్చిన ఉగాది

విజయ నామ సంవత్సర ఉగాది 2013 ఏప్రిల్ 11వ తేదీన వచ్చినది. దానికి పదకొండు రోజుల ముందు, అనగా మార్చి 31వ తేదీతో, బెంగళూరు ఇళ్లకు పాత పద్ధతిలో కేబుల్ బొమ్మలు పంపుట ఆగిపోవలెనని కేంద్ర ప్రభుత్వము గడువు పెట్టియుండెను. ఆ నెలాఖరున మా వీధి కేబులాయన ఇంటింటికీ ఒక చిన్న నల్లపెట్టె తెచ్చి, టెలివిజను పక్కన పెట్టి, తీగెలు తగిలించి, ఒక కాగితము మీద సంతకము పెట్టించుకొని వెళ్లినాడు. ఆ కాగితములో ఏమున్నదో మాలో ఎవ్వరమూ చదువలేదు.

ఉగాది నాడు తెల్లవారి తలంట్లు, పచ్చడి అయిన తరువాత, పంచాంగ శ్రవణము వినవలెనని మా అత్తయ్యగారు పీట వేసుకొని టెలివిజను ముందు కూర్చున్నారు. ఎన్ని అంకెలు నొక్కినా కన్నడము వచ్చినది, హిందీ వచ్చినది, ఇంగ్లీషు వచ్చినది. ఎన్నడూ ఎరుగని వంటల ఛానళ్లు, వేటల ఛానళ్లు కూడ వచ్చినవి. తెలుగు ఛానలు అంకె నొక్కితే మాత్రము నీలితెర మీద ఇంగ్లీషులో ఒక పంక్తి నిలిచినది.

“ఏమంటున్నదిరా అది?” అని ఆమె మనుమణ్ణి అడిగినారు.

“మనం తెలుగు అడగలేదట నానమ్మా” అన్నాడు వాడు.

ఆ సంవత్సరము మా ఇంట రాజెవరో, మంత్రియెవరో, వానలెంతో పొరుగింటివారి ద్వారా తెలుసుకొన్నాము. నవ్వుకొని మరచిపోదగిన సంగతే గాని, పిల్లవాడు అన్న ఆ మాట మాత్రము మా మనస్సులో నిలిచిపోయినది. టెలివిజను పాత పద్ధతి నుండి డిజిటల్ పద్ధతికి మారుట దేశములోని ఇతరులకు ఒక యంత్రము మారుట మాత్రమే. సొంత రాష్ట్రము వెలుపల తరతరాలుగా కాపురమున్న మనబోటి తెలుగు ఇళ్లకు అది భాషకు సంబంధించిన విషయము కూడ అయినది. ఆ మార్పు ఎట్లు వచ్చినది, మన ఇళ్లు దానికి ఏ మాత్రము సిద్ధపడినవి అన్న సంగతి, మరుపున పడకముందే, ఈ ఉగాది సంచికలో చెప్పుకొనుట బాగుండునని తోచినది.

మొదటి నుండి చెప్పుకొందాము. మన దేశమున టెలివిజను ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా ఆరంభమైనది. బొంబాయికి 1972లో, మద్రాసుకు 1975లో, హైదరాబాదుకు 1977లో, బెంగళూరుకు 1981లో కేంద్రములు వచ్చినవి. వీటి నడుమ 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, అమెరికావారి ఉపగ్రహము ఆధారముగా, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిన గొప్ప ప్రయోగము ఒకటి జరిగినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా ఆ ఆరింటిలో ఉన్నవి. ఆ ఉపగ్రహములో ఒక బొమ్మకు రెండు మాటల దారులు ఉండేవి. అనగా ఒకే బొమ్మను ఒక ఊరు ఒక భాషలోను, మరొక ఊరు మరొక భాషలోను వినే వీలు ఉన్నదన్నమాట. భాషను ఎంచుకొనవచ్చునన్న ఆలోచన మన టెలివిజనుకు కొత్తది కాదని చెప్పుటకే ఈ సంగతి చెప్పినాము.

అయితే ఆ వీలు ఇళ్లదాకా రాలేదు. ఆ కాలమున ఇంటికి వచ్చే భాషను నిర్ణయించేది ట్రాన్స్‌మిటర్. దాని అలలు ఎంతదూరము పారితే అంతదూరము దాని భాష. హైదరాబాదు ప్రసారము బెంగళూరుకు గాని, షోలాపూరుకు గాని, బరంపురమునకు గాని అందేది కాదు. 1982లో రంగులు వచ్చినవి. 1984లో కొంతకాలము రోజుకొకటి చొప్పున కొత్త ట్రాన్స్‌మిటర్లు నెలకొల్పినారు. మేడల మీద అల్యూమినియం ఏంటెనాలు వెలసినవి. గాలివానకు ఏంటెనా తిరిగిపోతే ఒకరు మేడ మీద, ఒకరు మెట్ల మీద, ఒకరు టెలివిజను ముందు నిలిచి, “వచ్చిందా? పోయిందా? ఇంకాస్త ఇటు” అని కేకలు వేసుకొనుట మనలో చాలామందికి జ్ఞాపకమే. అంత శ్రమపడినా వచ్చేది ఉన్న ఊరి భాష, హిందీ, ఇంగ్లీషు. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రముల వంతులో ఎప్పుడో ఒకనాడు తెలుగు చిత్రము వచ్చేది. ఆనాడు టెలివిజను ఉన్న ఇంటిలో వీధిలోని తెలుగువారందరూ చేరేవారు. చిత్రము ఎట్టిదైనా సరే, తెలుగు మాట వినబడుటే పండుగ.

1990 తరువాత కేబుల్ వచ్చినది. 1991 గల్ఫ్ యుద్ధ కాలమున విదేశీ వార్తలతో మొదలై, ఇంటింటికీ తీగె ప్రాకినది. 1995లో ఈటీవీ, జెమినీ ఛానళ్లు ఆరంభమై, తెలుగు ఉపగ్రహము మీదికి ఎక్కినది. అలలు ఇప్పుడు రాష్ట్రపు పొలిమేర వద్ద ఆగవు. అదే సంవత్సరము కేబుల్ టెలివిజనుకు చట్టము కూడ వచ్చినది. తరువాత 2000లో చేసిన సవరణ ప్రకారము, ప్రతి కేబులాయనా రెండు దూరదర్శన్ ఛానళ్లను, రాష్ట్రపు ప్రాంతీయ భాషా ఛానలు ఒకదానిని తప్పక ఇవ్వవలసియుండెను. ఉన్న నేల భాషకు మొదటి పీట వేయుట న్యాయమే; ఆ నేల అన్నము తినే మనము దానికి వంక పెట్టము. కాని తెలుగుకు మాత్రము ఇక్కడ చట్టములో చోటు లేదు. అది కేబులాయన దయ.

ఆ దయకు కూడ ఒక లెక్క ఉండేది. పాత పద్ధతిలో ఒక్కొక్క ఛానలుకు తీగెలో సుమారు 7 లేక 8 మెగాహెర్ట్జుల చోటు కావలెను. ఎంత మంచి తీగె వేసినా వంద ఛానళ్లకు లోపే పట్టేవి. ఇంటిలోని పాత టెలివిజను అన్నిటినీ పట్టగలిగేదీ కాదు. కాబట్టి బొమ్మ బాగా కనబడే చోట్లకు గిరాకీ ఎక్కువ; ఆ చోట్ల కొరకు ఛానళ్లవారే ఎదురు డబ్బు చెల్లించేవారు. మన వీధిలో తెలుగు ఇళ్లు ఇరవై ఉంటే కేబులాయన ఒక తెలుగు ఛానలు ఇచ్చేవాడు. ఐదే ఉంటే, “చూద్దాం సార్” అనేవాడు. ఇచ్చిన ఛానలు కూడ తీగె చివర, చుక్కలు చుక్కలుగా, ఉప్పు చల్లినట్లు వచ్చేది. అయినా వచ్చేది. తెలుగు అడిగిన ఇంటికే గాక, అడగని ఇంటికి కూడ, అదే తీగె మీద, అదే చందాకు వచ్చేది. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. వీధికంతటికీ ఒకే పంక్తి భోజనము. ఒకరు అడిగి పెట్టించుకొంటే పదిమందికీ వడ్డన జరిగేది.

డిజిటల్ పద్ధతి ఈ రెండు విషయములనూ మార్చినది. బొమ్మను, మాటను అంకెలుగా మార్చి, అక్కరలేని భాగమును అణచి పంపుట చేత, వెనుక ఒక ఛానలుకు పట్టిన చోటులో ఇప్పుడు పది ఛానళ్లు, ఆ పైన కూడ పట్టినవి. తెలుగుకు చోటు లేదన్న మాట అంతటితో పోయినది. ఇక రెండవ మార్పు. ప్రతి పెట్టెకు ఒక సంఖ్య ఉన్నది. ఆ సంఖ్యను బట్టి ఏ ఇంటికి ఏ ఛానలు తెరువవలెనో, ఏది మూయవలెనో కేంద్రములో కూర్చుండి నిర్ణయింపవచ్చును. ప్రభుత్వము దీనిని కోరుటకు మొదటి కారణము భాష కాదు, లెక్క. కేబులాయన ఎన్ని ఇళ్లకు తీగె ఇచ్చినాడో, ఎన్ని ఇళ్లని చెప్పుకొన్నాడో, ఆ రెండింటికీ పొంతన ఉండేది కాదు. ఛానళ్లకు రావలసిన సొమ్ము, ప్రభుత్వమునకు రావలసిన పన్ను నడుమ ఇంకిపోయేవి. పెట్టెల లెక్క దాగదు. కాని ఆ లెక్క పెట్టెయే వీధి పంక్తిని లేపి, ఏ ఇంటి విస్తరి ఆ ఇంటికి వేసినది.

ఈ మార్పునకు మొదటి పరీక్ష చెన్నైలో జరిగినది. 2003 సెప్టెంబరు 1 నుండి అక్కడ చందా ఛానళ్లు చూడవలెనంటే పెట్టె ఉండవలెనన్నారు. ఉచిత ఛానళ్లు పెట్టె లేకున్నా వచ్చేవి. పెట్టె కొన్నవారు తక్కువే. ఆ అనుభవము చూచిన పిమ్మట, 2011లో చట్టము సవరించి, ఉచితమైనా చందాదైనా అన్ని ఛానళ్లూ డిజిటల్‌లోనే రావలెనని నాలుగు విడతల గడువులు పెట్టినారు. మొదటి విడతలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై. 2012 జూన్ 30 అని చెప్పి అక్టోబరు 31కి జరిపినారు. రెండవ విడతలో 38 నగరములు, 2013 మార్చి 31. వాటిలో మన బెంగళూరు, మైసూరు, తెలుగువారు దండిగా ఉన్న షోలాపూరు, పుణె, నాగపూరు, కోయంబత్తూరు ఉన్నవి. హైదరాబాదు, విశాఖపట్నము కూడ ఉన్నవి. ఒరిస్సా నగరము ఒక్కటియు లేదు. బరంపురము, పర్లాకిమిడి, బళ్లారి, హోసూరు, భివండి, యానాం వంటి పట్టణములు మూడవ విడతలోనికి వచ్చినవి. దాని గడువు 2015 డిసెంబరు 31; వ్యాజ్యముల వల్లను, పెట్టెలు చాలకపోవుట వల్లను అది 2017 జనవరి 31 వరకు సాగినది. పల్లెలన్నీ నాలుగవ విడత; అది 2017 మార్చి 31కి ముగిసినది. ఆ సంవత్సరము హేవిళంబి ఉగాది మార్చి 29న వచ్చినది. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము ముగిసే రోజులును, మన సంవత్సరము మొదలయ్యే రోజులును పక్కపక్కనే ఉండుట వలన, ఈ గడువులు మాటిమాటికి మన పండుగ గుమ్మములోనే వచ్చి నిలిచినవి.

ఇళ్లను సిద్ధము చేసినది ఎవరు? ఇతర దేశములలో ఏమి చేసినారో చూతము. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద ట్రాన్స్‌మిటర్లు పాత పద్ధతి మానినవి. ఆ ప్రభుత్వము పెట్టె కొనుటకై, అడిగిన ఇంటికి 40 డాలర్ల కూపన్లు రెండేసి ఇచ్చినది. అయినా ఇళ్లు సిద్ధముగా లేవని, ఫిబ్రవరిలో కావలసిన మార్పును జూనుకు వాయిదా వేసినారు. బ్రిటనులో 2007 నుండి 2012 వరకు ఒక్కొక్క ప్రాంతమే మారుస్తూ పోయినారు. 75 ఏళ్లు దాటినవారికి, అంగవైకల్యము గలవారికి మనిషిని ఇంటికి పంపి పెట్టె బిగించి, వాడుట నేర్పే ఏర్పాటు చేసినారు. వారిది గాలిలో వచ్చే ప్రసారము, మనది తీగెలో వచ్చేది, పద్ధతులు వేరు. కాని ముసలివారి అవస్థ ఎక్కడైనా ఒక్కటే గదా.

మన దేశమున కూపన్లు లేవు. టెలివిజను అడుగున పరుగెత్తే అక్షరములు, పత్రికలలో ప్రకటనలు, కేబులాయన హెచ్చరిక, ఇవే సిద్ధము చేసినవి. ఇంటిలో రెండు టెలివిజనులుంటే రెండు పెట్టెలు కొనవలెను. పాత టెలివిజనుకు ఎరుపు, తెలుపు, పసుపు తీగెలు తగిలించే రంధ్రములు లేకపోతే మరొక తిప్పలు. రిమోట్లు రెండైనవి, ఒకటి టెలివిజనుకు, ఒకటి పెట్టెకు. ఏది దేనికో తెలియక మా అత్తయ్యగారు ఒకదానికి దారము కట్టుకొన్నారు. పైగా గుర్తింపు పత్రపు నకలుతో ఫారము నింపి ఇవ్వవలెను. ఫారము ఇంగ్లీషులోనో, ఉన్న ఊరి భాషలోనో ఉండేది. తమిళనాట ఒక మేలు జరిగినది. 2006 తరువాత ఆ ప్రభుత్వము పేద ఇళ్లకు ఉచితముగా రంగుల టెలివిజనులు పంచినది. రాష్ట్ర ప్రభుత్వపు అరసు కేబుల్ సంస్థకు 2017 ఏప్రిల్‌లో డిజిటల్ అనుమతి వచ్చిన పిమ్మట, పెట్టెలను కూడ ఉచితముగా ఇచ్చినది. అక్కడి తెలుగు ఇళ్లకును ఆ మేలు అందినది.

ఈ సన్నాహములన్నిటిలోను యంత్రమును గూర్చి చెప్పినారే గాని, భాషను గూర్చి మనకు ఎవ్వరూ చెప్పలేదు. చెప్పవలసిన పని వారిది కూడ కాదేమో. మా ఇంటి సంగతే తీసుకొందాము. పెట్టె వచ్చిన నాడు మేము సంతకము పెట్టిన కాగితములో నాలుగైదు కట్టలు ఉన్నవి. ఏ కట్టలో ఏ భాష ఉన్నదో గళ్లు గీసి ఉన్నది. మేము గీత పెట్టకపోగా, ఊరిలో ఎక్కువమంది తీసుకొనే కట్టనే కేబులాయన మాకును కట్టినాడు. పండుగ మరునాడు ఫోను చేసి అడిగితే, “ముందే చెప్పి ఉంటే అప్పుడే వేసేవాణ్ణి గదమ్మా” అన్నాడు. సాయంకాలమునకు తెలుగు వచ్చినది. చుక్కలు లేవు, ఉప్పు లేదు. అద్దములో చూచినట్లు వచ్చినది. అతని తప్పు ఏమున్నది?

రెండవ పరీక్ష 2019లో వచ్చినది. టెలికాం నియంత్రణ సంస్థ కొత్త నిబంధనల ప్రకారము, ఫిబ్రవరి 1 నుండి ప్రతి ఇల్లు తనకు కావలసిన ఛానళ్లను తానే పేరు పేరునా ఎంచుకొనవలెను. మొదటి నూరు ఛానళ్లకు 130 రూపాయలు, పన్ను కలిపి 153 రూపాయల 40 పైసలు. చందా ఛానళ్లకు వేరే వెల. ఎంచుకొనని ఇళ్లు కోట్లలో ఉండుట చూచి గడువును మార్చి 31 వరకు పెంచినారు. అంతవరకు ఎంచుకొననివారికి, వారి వాడుకను, వారు మాట్లాడే భాషను, ఛానళ్ల గిరాకీని బట్టి తగిన కట్టను కేబులాయనలే నిర్ణయింపవలెనన్నారు. మాట్లాడే భాష అన్న మాట ఆ ఉత్తరువులో ఉన్నందుకు సంతోషించినాము. కాని మన ఇంటి భాష ఏదో కేబులాయనకు ఎట్లు తెలియును? మనము అతనితో కన్నడములో మాట్లాడుదుము, మైసూరులోను అంతే. కోయంబత్తూరులో తమిళము, షోలాపూరులో మరాఠీ, బరంపురములో ఒడియా. ఇంటి లోపలి భాష గుమ్మము దాటి అతని చెవిని పడినది ఎన్నడు?

ఈసారి మన సంఘములోని యువకులు కొందరు ముందుగా మేలుకొన్నారు. తెలుగు ఛానళ్ల పేర్లు, వాటి వెలలు, ఏవి ఉచితమో, ఏవి కట్టగా తీసుకొంటే చవుకో, ఒక కాగితము మీద తెలుగులో వ్రాసి, పెద్దవారున్న ఇళ్లకు తిరిగి చదివి వినిపించినారు. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఛానళ్లకు వేరే వెల లేదని చాలామందికి అప్పుడే తెలిసినది. నెలనెలా చందా కట్టలేని ఇళ్లకు, ఒకసారి పళ్లెము, పెట్టె కొని పెట్టుకొంటే చాలునన్న దూరదర్శన్ ఫ్రీ డిష్ సంగతి కూడ చెప్పినారు. ఆ పళ్లెములోనూ ఈ రెండు తెలుగు ఛానళ్లు వచ్చును. ఏప్రిల్ 6న వికారి ఉగాది నాడు ఆ యువకులు తిరిగిన ఇళ్లలో పంచాంగ శ్రవణము వినబడినది. సంఘము చేసిన పెద్ద పనులలో దీనిని ఎవ్వరూ లెక్కింపలేదు. మేము లెక్కించుచున్నాము.

ఒక ఇంటి సంగతి మాత్రము చెప్పక తప్పదు. ఆ ఇంటివారు మూడు తరములుగా ఇక్కడివారు. యువకులు కాగితము పట్టుకొని వెళ్లగా, “మా పిల్లలు తెలుగు చూడరు బాబూ, ఊరికే ఎందుకు డబ్బు దండగ” అని పంపివేసినారు. అది వారి ఇష్టము. నెలకు పది ఇరవై రూపాయల లెక్క కూడ చిన్నదేమీ కాదు. కాని ఆ పిల్లల తండ్రి చిన్ననాడు, వెనుకటి కేబుల్ తీగె మీద ఉప్పు చల్లిన బొమ్మలోనే తెలుగు విని, పద్యములు నేర్చి, మన సంఘపు వేదిక మీద చదివినవాడు. ఆనాడు ఆ ఇంటివారు తెలుగు అడిగినారని కాదు. వీధిలో వేరెవరో అడిగినారు, అది వారింటికి కూడ పారినది. ఇప్పుడు అట్లు పారదు.

2022 మార్చి 31 నాటికి దూరదర్శన్ పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లు, సరిహద్దుల వంటి ముఖ్య ప్రదేశములలోని యాభై దాకా తప్ప, మూతపడునని ప్రసార భారతి ప్రకటించినది. రెండు రోజులకే శుభకృతు ఉగాది. మా మేడ మీది ఏంటెనా కంబము ఇప్పటికీ ఉన్నది. దానికి ఒక కొస కట్టి వడియములకు తెర లాగుచున్నాము. దానిని చూచినప్పుడెల్ల ఆ కేకలు జ్ఞాపకము వచ్చును. అందరము కలిసి ఒక బొమ్మ కొరకు పడిన ఆ శ్రమ ఇప్పుడు లేదు. అది పోయినందుకు విచారము అక్కరలేదు. పాత పద్ధతిలో తెలుగు కొరకు తహతహలాడినాము గాని చోటు లేదు. కొత్త పద్ధతిలో కావలసినంత చోటు ఉన్నది, అడుగువారే కావలెను.

నేటి పిల్లలు చేతిలోని ఫోనులోనే అన్నియు చూచుచున్నారు. ఆ ఫోను కూడ ఆ నల్లపెట్టె వంటిదే. మనము ఏది అడిగితే, ఏది ఎక్కువగా చూస్తే, దానినే మరల మరల ముందు పెట్టును. ఒక్కసారియైనను తెలుగు అడగని పిల్లవానికి అది తెలుగు చూపదు. తెలుగు అనునది ఒకటి ఉన్నదని కూడ చెప్పదు. కనుక ఇక మీద ఇళ్లను సిద్ధము చేయుట అనగా తీగెలు బిగించుట కాదు, అడుగుట నేర్పుట. ఈ పండుగ నాడు తలంట్లు, పచ్చడి అయిన పిమ్మట, ఇంటి పెద్దవారి పక్కన పిల్లలను కూర్చుండబెట్టి, పంచాంగ శ్రవణము వచ్చు ఛానలును ఆ పిల్లల చేతనే పెట్టించవలెనని మా మనవి. ఛానలు రాకపోతే ముందురోజే కేబులాయనకు ఫోను చేయుడు. ఆయన కాదనడు.

చదువరులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.